టోకెన్

కొండమీద సెల్‌ఫోన్లు దాచే కౌంటర్లో
పదకొండేళ్ళుగా నా కొలువు.
ఇటు ఫోను, అటు టోకెను.
"ఆఫ్ చేసినారా అమ్మా, టోకెన్ జాగ్రత్త నాయనా"
నిద్దట్లో కూడా అంటానంట.

ఆపకుండా ఇచ్చేవాళ్ళుంటారు.
అరల చీకట్లో ఒకటి వెలుగుతుంది,
ఇంకోటి బోర్లాపడిన పురుగు మాదిరి గుయ్‌మని తిరుగుతుంది.
ఎవరి తల్లో, ఎవరి అప్పులవాడో.
ఎత్తకూడదు, చూడకూడదు. మా రూలు అది.
ఇన్నేళ్ళలో ఒక్క ఫోనూ పోగొట్టలేదు నేను.

ఆ రాత్రి సెకండ్ షిఫ్టు దిగి
ఆఖరి బస్సులో అలిపిరి దాటి
కొర్లగుంట ఇల్లు చేరేసరికి పన్నెండున్నర.
పునీత దుప్పటి లోపల నీలం వెలుగు.
"ఎవరే?"
"ఫ్రెండు మా. గేములో కలిసినాడు. వాడూ ఎయిత్ క్లాసే."
తెర మీద వాడి చివరి మాట ఇంకా తడారలేదు:
మీ అమ్మకు నైట్ డ్యూటీ ఏయే రోజులు?

ఎనిమిదో తరగతి పిల్లోడికి
నా డ్యూటీ ఏమిటికి?

లాక్కున్నా. బీరువాలో పెట్టినా.
తాళంచెవి పిన్నీసుకు గుచ్చి మెళ్ళో వేసుకున్నా.
తాళమేయడం నాకొచ్చిన పనే కదా.

మూడు రోజులు పిల్ల అన్నం తినింది, బడికి పోయింది,
అడిగినదానికి ఊఁ అనింది.
నాలుగోనాడు తెలిసింది,
స్నేహితురాలి ఫోనులో అదే పేరుతో
అదే గదిలోకి పోతా ఉందని.
నా బీరువాలో ఉండేది
ఉత్త గాజుపలక.

మర్నాడు కౌంటర్ దగ్గర ఒక ముసలాయన,
కొత్తగా గీయించుకున్న గుండు, చేతిలో తడి తువ్వాలు,
స్తంభం చాటున నిలబడే ఉన్నాడు.
లైను మొత్తం కదిలిపోయినా కదల్లేదు.
"ఏం తాతా?"
"టోకెన్ పారేసుకున్నా తల్లీ.
తిడతావేమోనని... పొద్దున్నించీ..."

రిజిస్టరు తీసి, గుర్తులడిగి, ఫోను చేతిలో పెట్టినా.
ఆయన వెళ్ళిపోయినాడు.
నేను ఆ స్తంభం వైపే చూస్తా ఉండిపోయినా.

ఇంటికొచ్చి బీరువా తెరిచినా.
"తిట్టను. లాక్కోను. చూపించు."
చాలాసేపటికి చూపించింది.
మొదట్లో అంతా తీపే: తిన్నావా, పడుకున్నావా,
నీ అంత తెలివి మా స్కూల్లో ఎవరికీ లేదు.
తర్వాత, యూనిఫాంలో ఒక ఫొటో.
తర్వాత, ఇంకోటి, వేరే మాదిరి.
తర్వాత, అమ్మకు చెప్పొద్దు.

"పంపినావా?"
ఫ్యాను మూడుసార్లు కిర్రుమనింది.
"మొదటిది."

నోటిదాకా వచ్చిన మాటను
పచ్చి కాకరకాయ మాదిరి నమిలి మింగినా.
చెరిపేయబోయింది. "ఉండనీ, చెరపొద్దు" అన్నా.
ఫొటోలు తీసి పెట్టుకున్నాం, వాడికి తలుపేసినాం,
తెల్లారి స్టేషనుకు ఇద్దరం నడిచే పోయినాం.
రాసుకునే అమ్మాయి తలెత్తకుండానే అనింది:
"ఇందులో నీ తప్పేం లేదు పాపా."
పునీత బరువంతా అప్పుడు నా భుజం మీదికి ఒరిగింది.

నంబరు అరిగి పక్కన పడేసిన టోకెన్ ఒకటి
సూపర్‌వైజర్ను అడిగి తెచ్చుకున్నా.
పిల్ల చేతిలో పెట్టినా.
"ఎవరైనా ఏమన్నా అడిగితే, నువ్వే ఏమన్నా పంపితే,
భయమేస్తే, ఇది నాకియ్యి.
అర్ధరాత్రైనా సరే.
ముందు పక్కన కూచుంటా. అడిగేది తర్వాత."

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి దాని ఫోను
వంటింట్లో ఊరగాయ జాడీ పక్కన పడుకుంటుంది.
"నీది కూడా పెట్టు మా" అనింది.
పెట్టినా. మొదటి వారం చెయ్యి ఊరికే తడుముకునేది.

నిన్న డ్యూటీలో క్యారియర్ మూత తీస్తే
పెరుగన్నం గిన్నె మీద టోకెన్.
ముద్ద దిగలేదు.
సెలవు చెప్పి, దొరికిన జీపెక్కి,
ఘాట్ మలుపులన్నీ పళ్ళు బిగబట్టి దిగినా.

వాకిట్లో కూచుని గోరింటాకు గిల్లుకుంటా ఉంది.
"ఏం లేదు మా.
పనిచేస్తుందో లేదో చూసినా."

చెంపదెబ్బ కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనీ.
రెండూ చెయ్యలేదు.
పక్కన కూచున్నా.
రూలు రూలే.